తొక్కల కోసం వచ్చే అమ్మాయి

"జ్యూస్ వద్దండీ. తొక్కలు కావాలి."

మల్కాపురంలో జ్యూస్ బండి పెట్టిన రెండేళ్లలో నాగవంశీని అలా అడిగినవాళ్లు లేరు.

"ఆవుకాండీ?" అన్నాడు.

"నాకే!" అంది ఆ అమ్మాయి కళ్లెర్రజేసి.

పేరు ధనశ్రీ. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ. ఉక్కునగరం నుంచి యూనివర్సిటీకి వెళ్తూ దారిలో బస్సు దిగింది. బత్తాయి తొక్కల సారం తీసి, అందులో యాంటీ ఆక్సిడెంట్లు ఎంత గట్టివో కొలవడం ఆమె ప్రాజెక్టు.

"ఇనుముకి తుప్పు పట్టినట్టు మన ఒంట్లోనూ ఒకలాంటి తుప్పు పడుతుంది. దాన్ని అడ్డుకునే సరుకు మీరు రోజూ పారబోస్తున్నారు," అని ఆమె చేతులు తిప్పుతూ చెబుతుంటే వంశీకి తొక్కల సంగతి సగమే అర్థమైంది. మిగతా సగంసేపూ ఆమె చేతుల్నే చూశాడు.

మర్నాటి నుంచి బండి కింద తొక్కలకి ప్రత్యేకంగా ఒక బుట్ట వెలిసింది. ఆమె వారానికి మూడుసార్లు వచ్చేది. ఆ మూడు రోజులూ వంశీ ఇస్త్రీ చొక్కా వేసేవాడు.

రెండు నెలలు గడిచాక ఒకరోజు, "ఈసారి ఎండబెట్టి ఇవ్వగలరా? నాకు పరీక్షలున్నాయి," అంది.

"అదెంత పనండీ!" అన్నాడు వంశీ. జాలారిపేటలో వాళ్లమ్మ గంగాలమ్మని మించి ఎండబెట్టేవాళ్లు లేరు మరి. ఆవిడ ఒడ్డున వల పరిచి, ఒక పక్క నెత్తళ్ల చేపలు, ఇంకో పక్క తొక్కలు పోసి, రెంటినీ ఒకే శ్రద్ధతో తిరగేసింది.

సోమవారం ధనశ్రీ పొట్లం విప్పి ముక్కు మూసుకుంది.

"ఎండుచేపల వాసనేంటి?"

"పక్కపక్కనే ఎండాయండీ. మాయమ్మ దగ్గరుండి సూసుకుంది."

"ఎండలోనా? నీడలో ఆరబెట్టాలి! నీకసలు బుద్ధుందా? శనివారం మా గైడు భ్రమరాంబ మేడమ్ ముందు ప్రయోగం చేసి చూపించకపోతే నా ప్రాజెక్టు పోయినట్టే!"

మీరు కాస్తా నువ్వైంది. తిట్లయితే భరించేవాడే. ఆమె కళ్లలో నీళ్లు చూసి వంశీ ప్రాణం ఉసూరుమంది.

ఆ పూటే బండి మూసేశాడు. ఇంట్లో తాజా తొక్కలు సన్నగా తరిగి, శుభ్రమైన పంచె మీద పరిచి ఫ్యాను వేశాడు.

"ఫేను కింద తొక్కలు, ఈదిలో కన్నతల్లి! ఎవుల్రా ఆ పిల్ల?" అంది గంగాలమ్మ విసనకర్రతో విసురుకుంటూ.

"కస్టమరే అమ్మా."

"కస్టమర్ కోసం బండి మూసీసినోడ్ని నాను సూళ్లేదురా ఎర్రోడా."

వంశీని తొలుస్తున్నది వేరే. శనివారం గట్టెక్కితే ఆమెకిక ఈ బండితో పనుండదు. ఒక్క రోజు ఫ్యాను ఆపేస్తే తొక్కలకి బూజు పడుతుంది, ఆమె ఇంకొన్నాళ్లు వస్తుంది. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గేసి, లేచి ఫ్యాను ఇంకో పాయింటు పెంచాడు.

శుక్రవారం తొక్కలు అందించాడు. శనివారం ఉండబట్టలేక ల్యాబు గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. లోపల ధనశ్రీ వంకాయ రంగు ద్రవంలో తొక్కల సారం కలిపింది. చూస్తుండగానే ఆ రంగు వెలిసి పసుపుపచ్చగా మారింది. భ్రమరాంబ మేడమ్ కళ్లజోడు సవరించుకుని, "చాలా బాగా వచ్చింది," అన్నారు.

ధనశ్రీ ఒక్క పరుగున బయటికొచ్చింది. "గట్టెక్కేశాను వంశీ!"

"ఐతే ఇంక తొక్కలక్కర్లేదేటండీ?"

"అక్కర్లేదు."

"మరి నాను?"

అనేశాక గానీ ఏమన్నాడో అతనికే తెలియలేదు. చెవులు వేడెక్కాయి. ధనశ్రీ చేతి గ్లౌజు తీసి, మళ్లీ తొడుక్కుని, మళ్లీ తీసింది.

"రేపు మా నాన్నకి స్టీల్ ప్లాంటులో డ్యూటీ లేదు. మీ అమ్మగారిని తీసుకుని రా," అంది.

వంశీ రెండంతస్తుల మెట్లూ ఎలా దిగాడో ఆ దేవుడికే తెలియాలి. కిందికి చేరాక ఇంటి అడ్రసు అడగలేదని గుర్తొచ్చి తలెత్తాడు. వరండాలో ధనశ్రీ నవ్వాపుకోలేక పిట్టగోడ పట్టుకుని ఉంది.

"సెక్టార్ ఐదు, నూటపన్నెండో క్వార్టరు!" అని గొంతెత్తి అరిచింది. పక్క ల్యాబుల వాళ్లంతా బయటికొచ్చి చూస్తున్నారు. ఆమె వాళ్లవైపు చూడనైనా చూడలేదు. "మా నాన్నకి ఆలస్యం పడదు. పదింటికల్లా వచ్చెయ్!"