వైర్ ఉన్న దయాకర్, వైర్ లేని ధనశ్రీ

ఉప్పల్ భగాయత్ లేఅవుట్‌లో ఇళ్లకన్నా ఖాళీ ప్లాట్లే ఎక్కువ. ఆ ఆదివారం పొద్దున సన్నగా తుంపర పడుతోంది. దయాకర్ తన మెటల్ డిటెక్టర్‌ను నేలకు జానెడెత్తులో అటూ ఇటూ ఊపుకుంటూ నడుస్తుంటే, హెడ్‌ఫోన్‌లో ఉన్నట్టుండి కీచుమని గోల మొదలైంది. లోహం తగిలితే వచ్చే చప్పుడు కాదది.

తలెత్తి చూశాడు. ఇరవై అడుగుల దూరంలో పసుపురంగు రెయిన్‌కోటు వేసుకున్న అమ్మాయి. ఆమె చేతిలోనూ డిటెక్టరే ఉంది. ఆమె కూడా మొహం చిట్లించి అతనివైపే చూస్తోంది.

"మేడం, జర దూరం జరుగుండ్రి. మీ మిషన్ నా మిషన్‌తోని లొల్లి వెట్టుకుంటుంది."

"గోల పెడుతున్నది మీదండీ. మీరే జరగండి. ముందొచ్చింది నేను."

"నేను ఆరుగంటలకు వచ్చిన."

"నేను అయిదూ యాభైకి."

అది అబద్ధమని ఆమె మొహమే చెప్పింది. దయాకర్‌కు నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాడు. అప్పుడే ఆమె డిటెక్టర్‌ను సరిగ్గా గమనించాడు. అడుగున ఉన్న గుండ్రటి కాయిల్ నుంచి పైకి వైరు లేదు. చెవులకున్న హెడ్‌ఫోన్‌కూ లేదు.

"దీనికి వైరేది?"

"ఉండదు. వైర్‌లెస్."

"ఆడుకునే బొమ్మన్నట్టు."

ఆమె అతన్ని కిందినుంచి పైదాకా ఓసారి చూసింది. "మీరేంటండీ, ఐసీయూలోంచి లేచొచ్చినట్టు ఒంటినిండా వైర్లు?"

దయాకర్ హుందాగా వెనక్కి తిరిగాడు. తుమ్మ కంపకు హెడ్‌ఫోన్ వైరు చిక్కుకుని, పిన్ను ఊడి, హెడ్‌ఫోన్ బురదలో పడింది. ఆమె నవ్వలేదు. అటు తిరిగి నిలబడింది. పసుపు రెయిన్‌కోటు భుజాలు మాత్రం కాసేపు కదిలాయి.

దయాకర్‌ది నాచారం. ఇండస్ట్రియల్ ఏరియాలో ఎలక్ట్రానిక్ కాటాలు రిపేరు చేస్తాడు. ముప్పై ఏళ్లు. ఇంట్లో అతనూ, తల్లి వెంకటనర్సమ్మా. డిటెక్టర్ అతనికి ఆదివారం పని. ఆరు నెలలు కూర్చుని సొంతంగా కట్టుకున్న మిషన్ అది. కాలనీల్లో ఎవరిదైనా తాళంచెవో, ముక్కుపుడకో పోతే కబురు పెడతారు. వెళ్లి వెతికి ఇచ్చి, చాయ్ తాగి వస్తాడు.

ఆ అమ్మాయి పేరు ధనశ్రీ. ఊరు ఏలూరు. ఉప్పల్‌లో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఇంజనీరు. ఈ వివరాలన్నీ రెండో ఆదివారం తెలిశాయి. మూడో ఆదివారం నుంచి ఇద్దరూ ఒకే సమయానికి వస్తూ, అది కాకతాళీయమన్నట్టు ప్రవర్తించసాగారు. ఒకరి మిషన్ నడిచేటప్పుడు ఇంకొకరిది ఆపేయాలి కాబట్టి వంతులు వేసుకున్నారు. వంతు లేనివాళ్లకు మాట్లాడటం తప్ప పని ఉండదు.

"మీదాంట్ల సౌండు లేటుగ వస్తది," అనేవాడు దయాకర్. "కాయిల్ ముంగటికి పోయినంక చెవుల బీప్ అంటది. వైరుల గట్లుండదు. తగిలిందంటే తగిలినట్టే."

"రెప్పపాటు కూడా ఉండదండీ ఆ ఆలస్యం. దానికోసం మీరు మెడకు ఉచ్చు వేసుకు తిరుగుతారా?"

"వైరంటే నమ్మకం. కండ్ల ముంగట కనవడ్తది."

"లోపల తెగితే కనపడుతుందా?"

"నేను కట్టిన వైరు తెగదు."

అలా అన్నందుకు తర్వాత అతను చాలా బాధపడ్డాడు.

శ్రావణమాసంలో ఒక శనివారం హెచ్‌ఎంటీ నగర్ నుంచి కబురొచ్చింది. కబురు పెట్టిన తారామణి రిటైరైన టీచరు. పోయిన భర్త వేలి ఉంగరం ఆమె చూపుడువేలికి వదులుగా ఉండేది. శుక్రవారం పొద్దున పెరట్లో పనిచేశాక చూసుకుంటే లేదు. దయాకర్ రెండు గంటలు పెరడంతా తిరిగాడు. మూడు మేకులు, ఒక చెంచా, తుప్పుపట్టిన గొళ్లెం దొరికాయి. ఉంగరం దొరకలేదు.

"ఈడ లేదు మేడం. ఉంటే నా మిషన్ పట్టకుండ ఉండదు," అని చెప్పేసి వచ్చాడు.

సోమవారం సాయంత్రం పనినుంచి వచ్చేసరికి ఇంటి మెట్లమీద ఉప్పలమ్మ కూర్చుని ఉంది. వెనక గల్లీలో ఉంటుంది. వెంకటనర్సమ్మకు స్నేహితురాలు. నాలుగిళ్లలో పనిచేస్తుంది.

"దయాకరూ, టీచరమ్మ ఇంటెనక వెతికింది నువ్వేనట గద?"

"నేనే అత్తా."

"ఉంగురం లేదన్నవట."

"లేదత్తా. రెండు గంటలు దేవులాడిన."

"మంచిగ సూసినవా బిడ్డా?"

"నా మిషన్‌కు గుండుసూది గుడ తప్పించుకోదు."

ఉప్పలమ్మ మెల్లగా చెప్పింది. "పదకొండేండ్ల సంది జేస్తున్న ఆ ఇంట్ల. శుక్రారం పెరట్ల గడ్డి వీకింది నేనే. ఆడ లేదంటే నేనే తీసినట్టట. మా గల్లీకొచ్చి అందరి ముంగట కొంగు దులుపుమన్నది. దులిపిన."

లేచి వెళ్లిపోయింది. దయాకర్ అక్కడే నిలబడ్డాడు. వెంకటనర్సమ్మ గుమ్మంలోంచి కొడుకును చూసింది.

"నువ్వు లేదన్నవు గనుకనే గదరా," అని మాత్రం అంది.

అతను డిటెక్టర్ తీసి వరండాలో పెట్టాడు. తల్లి చెవి కమ్మ అడిగి తీసుకుని నేలమీద తనకు ఎడమపక్కన ఉంచాడు. కాయిల్‌ను దాని మీదికి తెచ్చాడు. మిషన్ మోగింది. కమ్మను కుడిపక్కకు మార్చి తెచ్చాడు. మోగలేదు. మళ్లీ తెచ్చాడు. నిశ్శబ్దం. కుడివైపు తిప్పినప్పుడల్లా కాయిల్ మొదట్లో వైరు కొంచెం వంగుతోంది. పైన ప్లాస్టిక్ తొడుగు చెక్కుచెదరలేదు. లోపల తీగ ఎప్పుడు విరిగిందో ఏమో, వంగితే విడిపోతోంది, సాగితే కలుస్తోంది. అంటే శనివారం రెండు గంటల్లో సగం నేలను అతను చూడనే లేదు.

కాయిల్‌ను పగలగొడితే తప్ప ఆ వైరు మార్చడానికి లేదు. కొత్తది చుట్టడానికి వారం పడుతుంది. దయాకర్ ఫోన్ తీసి ధనశ్రీకి చేశాడు. ఆమె నవ్వుతుందని ముందే సిద్ధపడ్డాడు.

"నా వైరు లోపల తెగింది," అన్నాడు. జరిగిందంతా చెప్పాడు.

అటువైపు ఆమె నవ్వలేదు. "రేపు పొద్దున ఏడింటికి వస్తాను. ఆ ఇల్లు ఎక్కడో లొకేషన్ పంపండి," అంది.

మంగళవారం గేటు దగ్గర తారామణి వాళ్లను లోపలికి రానివ్వలేదు. "మళ్లీ ఎందుకు? ఎవరు తీశారో తెలిసిపోయిందిగా."

దయాకర్ గేటు బయటే నిలబడి, పక్కింటివాళ్లకు కూడా వినపడేంత గట్టిగా చెప్పాడు. "మేడం, శనివారం నేను చెప్పింది తప్పు. నా మిషన్ ఖరాబైంది. సగం జాగ నేను వెతకనే లేదు. నా మాట వట్టుకొని ఉప్పలమ్మను అనకుండ్రి."

పక్కింటి మేడమీద బట్టలు ఆరేస్తున్న ఆవిడ చేతులాపింది. ధనశ్రీ మిషన్ ఇంకా ఆన్ కూడా చేయలేదు. పక్కకు తిరిగి అతన్ని చూసింది. కాసేపటిదాకా చూపు తిప్పుకోలేదు. తారామణి విసుగ్గా గేటు తీసింది.

ధనశ్రీ మొదలుపెట్టింది. పది నిమిషాలకు ప్రహరీ పక్కన ఒకచోట బీప్ అంది. తవ్వారు. ఏమీ లేదు. జానెడు పక్కకు తవ్వారు. అక్కడా లేదు. తారామణి వరండాలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"తొందర తొందరగ ఊపుతున్నరు," అన్నాడు దయాకర్.

"నా పని నాకు తెలుసండీ."

"తెలుసు. గాని సౌండు లేటుగొస్తది గద. కుడికి వోయేటప్పుడు ఏడ మోగిందో ఆడొక పుల్ల గుచ్చుండ్రి. ఎడమకు వచ్చేటప్పుడు ఏడ మోగిందో ఆడొకటి. రెండింటి నడుమ ఉంటది."

ఆమెకు కోపం వచ్చింది. కానీ చెప్పినట్టే చేసింది. రెండు చీపురుపుల్లల మధ్య కొత్తగా నాటిన మల్లెమొక్క నిలబడి ఉంది.

"ఈ మొక్క నాటిందెవరండీ?" అడిగింది ధనశ్రీ.

తారామణి కట్టుకున్న చేతులు విప్పింది. "నేనే. శుక్రవారం పొద్దున."

దయాకర్ మొక్కను మట్టిగడ్డతో సహా పైకి తీశాడు. వేళ్లు విడదీస్తుంటే మట్టిలోంచి ఉంగరం జారి అతని అరచేతిలో పడింది.

తారామణి దాన్ని చీర చెంగుతో తుడిచి వేలికి పెట్టుకుంది. ఆమె కళ్లు తడిశాయి. "రేపు ఉప్పలమ్మకు ఫోన్ చేస్తానులే," అంది.

"ఫోన్ వద్దు ఆంటీ," అంది ధనశ్రీ. గొంతు మెత్తగానే ఉంది. "కొంగు దులపమన్నది గల్లీలో అందరి ముందు కదా. ఈ మాట కూడా అక్కడే చెప్పండి. రండి, మేమూ వస్తాం."

తారామణి వేలి ఉంగరాన్ని ఒకసారి తిప్పుకుంది. తర్వాత చెప్పులు వేసుకుంది.

ఉప్పలమ్మ తన ఇంటి ముందు గిన్నెలు తోముకుంటోంది. తారామణి నలుగురూ వింటుండగా చెప్పింది. ఉంగరం దొరికిందనీ, తప్పు తనదేననీ, పనిలోకి రమ్మనీ చెప్పింది. ఉప్పలమ్మ చేతులు కడుక్కుని నిలబడింది.

"దొరికింది, మంచిగైంది. పనికి మాత్రం నేను రాను టీచరమ్మా. వేరే ఇల్లు సూసుకున్న." తర్వాత దయాకర్‌వైపు తిరిగింది. "నువ్వు మిషన్‌ను అడిగినవు. ఆమె నిన్నడిగింది. ఉప్పలమ్మా, ఏం జరిగిందని నన్నైతే ఎవ్వలడగలే."

కోపంగా అనలేదు. అందుకే దయాకర్‌కు ఆ మాట లోపల దిగబడింది.

తర్వాత రెండు ఆదివారాలు అతను భగాయత్ వైపు పోలేదు. కొత్త కాయిల్ చుట్టలేదు. ధనశ్రీ రెండుసార్లు మెసేజ్ పెట్టింది. పని ఉందని జవాబిచ్చాడు. మూడోసారి ఆమె మెసేజ్ పెట్టలేదు, ఒక బుధవారం మధ్యాహ్నం నేరుగా కాటాల షాపుకే వచ్చేసింది. బయట వాన దంచి కొడుతోంది. నెత్తిమీద ఆఫీసు బ్యాగు పెట్టుకుని లోపలికి దూరింది.

"ఏం పని ఉందండీ మీకు, రెండు వారాలుగా?"

"ఏం లేదు."

"మరి?"

"నేను లేదన్నందుకు ఒక మనిషి ఇజ్జత్ వోయింది. ఇగ మిషన్ వట్టుకోబుద్ధి అయితలే. మీకు నా మొకం సూపెట్టాలన్నా మంచిగనిపిస్తలే."

ధనశ్రీ తడిసిన బట్టలతోనే స్టూలు మీద కూర్చుంది. "మా ఆఫీసులో తప్పు బయటపడితే ఏం చేస్తారో తెలుసా? ముందు ఎవరి నెత్తిన రుద్దాలా అని చూస్తారు. నేనూ చేశాను ఒకసారి. మీరు ఆ గేటు దగ్గర నిలబడి గట్టిగా చెప్పారు చూశారా, నాకు సిగ్గేసింది. ఇంకోటి కూడా అనిపించింది."

"ఏందది?"

"చెప్పను. వచ్చే ఆదివారం మా నాన్నగారు ఏలూరు నుంచి వస్తున్నారు. మీ ఇంటికి తీసుకొస్తాను. మీ అమ్మగారికి చెప్పండి."

వాన అలాగే పడుతోంది. ఆమె వెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నం దయాకర్ ఒక కాటాకు మూడుసార్లు స్క్రూలు బిగించి మూడుసార్లు విప్పాడు.

ధనశ్రీ తండ్రి గిరిప్రసాద్ రిటైరైన లెక్చరర్. ఆదివారం పదకొండింటికి నాచారంలో దయాకర్‌వాళ్ల ముందుగదిలో కూర్చుని, వెంకటనర్సమ్మ ఇచ్చిన చాయ్ తాగుతూ, కాటాల గురించి, వానల గురించి మాట్లాడాడు. ధనశ్రీ వరండాలో నిలబడి గల్లీ చూస్తోంది. చివరికి ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"బాబూ, మీరు తప్పు చేశానని వీధిలో నిలబడి చెప్పారట. మా అమ్మాయి చెప్పింది. నిజమేనా?"

"నిజమే సార్."

"ముప్పై మూడేళ్లు పాఠం చెప్పాను. బోర్డుమీద లెక్క తప్పు చేస్తే పిల్లలు చూడకుండా తుడిచేసేవాణ్ణి." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఈ సంబంధానికి నాకు అభ్యంతరమేమీ లేదు. మీ అమ్మగారు ఏమంటారో."

వెంకటనర్సమ్మ కొడుకువైపు చూసింది. "నాదేముంది అన్నా, పిల్ల బంగారమే. ఓరి దయా, ఇంతకు ఆమెను నువ్వడిగినవార?"

దయాకర్ ఖాళీ గ్లాసు తీయబోయాడు.

"అడగలే?"

"లే."

"నువ్వు అడగక, ఆమె చెప్పక, మమ్ములను కూసోపెట్టి ఏం మాట్లాడిపిస్తున్నవురా? పో, అడుగు వో!"

గిరిప్రసాద్ గోడమీది క్యాలెండర్‌ను శ్రద్ధగా చదవసాగాడు. దయాకర్ వరండాలోకి నడిచాడు. తలుపు తెరిచే ఉంది. లోపలివాళ్లకు అంతా వినపడుతుంది. ఎదురింటివాళ్లకు కూడా వినపడవచ్చు. అతను గొంతు తగ్గించలేదు.

"ధనశ్రీ, నువ్వంటే నాకు మస్తు ఇష్టం. నన్ను పెండ్లి చేసుకుంటవా?"

ఆమె ఇటు తిరిగేసరికి మొహం ఎర్రగా ఉంది. అయినా పొగరు మాత్రం తగ్గలేదు.

"ఈ ఒక్క మాట అడిగించడానికి మా నాన్నను ఏలూరు నుంచి రైలెక్కించాల్సి వచ్చింది," అంది. "చేసుకుంటాను. కానీ ఇప్పుడు అన్నావు చూడు 'నువ్వు' అని, మళ్లీ 'మీరు' అన్నావంటే ఊరుకోను."

లోపల గిరిప్రసాద్ ఇంకో గ్లాసు చాయ్ అడిగాడు.