పదో రోజు గుండు

ఉదయం ఏడింటికి త్యాగరాజు ఎప్పటిలాగే ఉప్మా కలిపాడు. భార్య సూర్యకుమారి పోయి ఏడాదిన్నర. హామిల్టన్‌లోని ఆ ఇంట్లో పొయ్యి దగ్గర నిలబడేది ఇప్పుడు అతనే. కొడుకు అచ్యుత్ టై కట్టుకుని వచ్చి, పళ్ళెం ముట్టకుండానే కోర్టుకు వెళ్ళిపోయాడు.

"ఇవాళైనా రా నాన్నా. సాక్షిగా మన లాయరు నీ పేరిచ్చాడు," అంది కూతురు విద్య.

"నేను రాను. వాడు తప్పు చేయకపోతే కోర్టే వదిలేస్తుంది."

"నిన్న ఏం జరిగిందో చెప్పానుగా. అది వదిలేసే కోర్టులా ఉందా?"

సూర్యకుమారి పోయిన తొమ్మిదో రోజు సాయంత్రం, అచ్యుత్ పనిచేసే షాపింగ్ ప్లాజా పార్కింగులో ఒక తెల్లాయన్ని ఎవడో కొట్టి పారిపోయాడు. కొట్టినవాడు ఇండియన్ అనీ, చెవుల దాకా జుట్టుందనీ చెప్పాడాయన. నాలుగు రోజుల తర్వాత పోలీసులు ఆ ప్లాజాలో పనిచేసే ఇండియన్ కుర్రాళ్ళ ఫొటోలు తీసి చూపిస్తే, గుండుతో ఉన్న అచ్యుత్ మీద వేలు పెట్టాడు. నిన్న కోర్టులో, "వాళ్ళంతా ఒకేలా ఉంటారు, కానీ వీడే," అన్నాడట. జ్యూరీలో ఇద్దరు నవ్వారట. మర్నాడే గుండు చేయించుకున్నది తనను గుర్తుపట్టకూడదనేనని ప్రభుత్వ లాయరు తేల్చేసిందట.

"అది అమ్మ పదో రోజు కర్మకి చేసిన గుండు. ట్రిమ్మరు పట్టిందెవరు? నువ్వే కదా?" అంది విద్య.

త్యాగరాజు గరిటెతో గిన్నె అడుగు గీకాడు.

"అన్నయ్యే కొట్టాడని నువ్వూ అనుకుంటున్నావు కదూ?"

"ఆ సాయంత్రం నాతో గొడవపడి పోయాడు. ఎక్కడికెళ్ళాడో ఎవరికి తెలుసు?"

"లేక్ దగ్గర కారులో కూర్చున్నానన్నాడుగా. కన్నకొడుకు మాట నమ్మవు. ముక్కూ మొహం తెలియని తెల్లవాడు వేలు చూపిస్తే నమ్ముతావు. ఆ జ్యూరీకీ నీకూ తేడా ఏముంది నాన్నా?"

త్యాగరాజు గరిటె గిన్నెలో పడేసి, చొక్కా మార్చుకోవడానికి లోపలికి వెళ్ళాడు.

"మీ అబ్బాయి ఇష్టపడే గుండు చేయించుకున్నాడు కదా?" కోర్టులో బోనెక్కిన త్యాగరాజుని ప్రభుత్వ లాయరు అడిగింది.

ఆ సంగతి అతను విద్యకి కూడా చెప్పలేదు.

"లేదు. ఉద్యోగం ఇంటర్వ్యూ ఉంది, వద్దన్నాడు. ముందురోజు గొడవ దానిమీదే. మర్నాడూ తప్పించుకోబోతే, తల్లికి ఈ మాత్రం చేయని కొడుకు నాకు అక్కర్లేదన్నాను. గ్యారేజీలో మెడ వంచి నేనే గీశాను. దాక్కోవాలనుకునేవాడు వద్దని ఏడుస్తాడా మేడం?"

"మీవాళ్ళకి భలే కలిసొచ్చే ఆచారం."

"చచ్చిపోయింది నా భార్య. అందులో మాకేం కలిసొచ్చింది?"

ఆమె కాగితాలు సర్దుకుని కూర్చుంది.

మర్నాడు మధ్యాహ్నం జ్యూరీ నిర్దోషి అంది. కుర్రాడి బతుకులో ఏడాదిన్నర మింగినందుకు ఎవరూ ఒక్క మాట అనలేదు. తెల్లాయన వీళ్ళవైపు చూడకుండానే వెళ్ళిపోయాడు.

"ఒక్కడైనా సారీ చెప్పాడా చూడు," వరండాలో పళ్ళు నూరాడు త్యాగరాజు.

"నువ్వు చెప్పావా నాన్నా?" అన్నాడు అచ్యుత్.

త్యాగరాజు గోడకు చెయ్యి ఆనించాడు.

"లేదురా. వాళ్ళకంటే ముందు నిన్ను దోషిని చేసింది నేనే. నన్ను క్షమించు."

"నాకింకా కోపం పోలేదు."

"పోనక్కర్లేదు. ఇంటికొచ్చి తిట్టు."

అచ్యుత్ మొహం పక్కకి తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తర్వాత, మెట్లు దిగడానికి తండ్రి మోచెయ్యి పట్టుకున్నాడు.