గోడ మీద నడిచిన బజారు

ఒత్తులు తప్పినా, దీర్ఘాలు మరిచినా చదివేవాళ్లు మన్నించాలి. నాకు అక్షరాలు వచ్చింది నెత్తి తెల్లబడ్డాక. ఒక్కో వాక్యం రాసి, వేళ్లు విరుచుకుని, మళ్లీ మొదలుపెడతాను. అందుకే ఈ కాస్త కథకు ఒక వానాకాలమంతా పట్టింది. ఇంత ఆలస్యమైనా ఎందుకు రాశానంటే, అంత వింత చూసి ఊరుకోవడం నా వల్ల కాలేదు.

అప్పుడు మేం ఆర్మూర్ పసుపు బజారులో, మేడ మీద ఒక గదిలో ఉండేవాళ్లం. నేను, నా కూతురి బిడ్డ సువార్త. సువార్త దవాఖానలో నర్సు. రాత్రి డ్యూటీ. పొద్దున వచ్చి పడుకోవాలి. పడుకునేదెట్లా? కిటికీకి చీర కట్టాను, దుప్పటి కట్టాను. వెలుతురు వాటిలోంచి ఎర్రగా దిగి దాని రెప్పల మీద కూర్చునేది.

ఒకనాడు డ్యూటీలోనే కునుకు తీసింది. హెడ్ సిస్టర్ చూసి, ఇంకోసారి ఇట్లా అయితే ఇంటికే పొమ్మంది. ఆ మాట దొంకేశ్వర్‌లో ఉన్న దాని నాయన, మా అల్లుడు దేవరాజుకు తెలిసింది. "నిద్రలేని నౌకరి నీకెందుకు బిడ్డా? ఇంకోసారి గట్లయితే వాపస్ వచ్చెయ్" అని ఫోన్‌లో చెప్పాడు. ఆ ఉద్యోగం దాని ప్రాణం. ఫోన్ పెట్టేసి దిండులో ముఖం దాచుకుంది.

సరిగ్గా అప్పుడే ఎదురుగా ఉన్న పసుపు సేటు దుకాణంలో డ్రిల్లింగ్ మిషన్ మొదలైంది.

సువార్త చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగింది. వెనకాలే నేను.

"అన్నా, జర ఆపండ్రి. మనుషులు పడుకునే యాళ్ల ఇది."

నిచ్చెన మీద ఉన్న పిల్లవాడు కిందికి చూశాడు. కనుబొమ్మల నిండా సున్నం. "పొద్దుగాల ఎవరు పడుకుంటరు మేడం?"

"రాత్రంతా మీ అసోంటోళ్లకు సెలైన్లు పెట్టేటోళ్లు పడుకుంటరు."

"నాకేం రోగం లేదు కదా."

"గిట్లనే మోత పెట్టండ్రి, వస్తది. నేనే సూది వేస్త. మొద్దు సూది చూసి మరీ వేస్త."

అతను నవ్వుతూ నిచ్చెన దిగాడు. పేరు జయరాజ్, పెర్కిట్ పిల్లవాడు. సేటు గదికి కిటికీ తెరలు బిగించడానికి వచ్చాడట. "గా సూది వద్దుగని మేడం, మీ నిద్రకు నా తాన దవాయి ఉంది. బ్లాక్‌అవుట్ బ్లైండ్. దించితే పగలే అమాస."

"కాకపోతే?"

"వాపస్ తీస్కపోత. అయితే మాత్రం, నన్ను అన్న అన్నరు కదా, గా మాట మీరు వాపస్ తీస్కోవాలె."

"గట్లెందుకు?"

"ఊకెనే."

సువార్త నా వైపు చూసింది. నేను పసుపు బస్తాల వైపు చూశాను.

తెల్లారి వచ్చి తెర బిగించాడు. అంచులకు పట్టాలు, పైన చుట్ట, లాగడానికి తాడు. ఆఖరి స్క్రూ తిప్పుతుంటే స్క్రూడ్రైవర్ జారి, జొన్నగింజంత చిల్లు పడింది. పిల్లవాడి ముఖం మాడిపోయింది. "వేరే బట్ట తెప్పిస్త అవ్వా, నిజామాబాద్ నుంచి రావాలె. అందాక టేప్ పెడుత" అన్నాడు.

చిల్లుకు టేప్ అంటించి, తెర దించి వెళ్లాడు. నా చేయి నాకే కనబడలేదు. అంత చీకటిని పగటిపూట నేనెప్పుడూ చూడలేదు. సువార్త మంచం మీద వాలీ వాలకముందే నిద్రపోయింది. ప్రభువు మొదటిరోజు వెలుగును చీకటి నుంచి వేరు చేశాడంటారు. ఈ పిల్లవాడు మా గదిలో చీకటిని వెలుగు నుంచి వేరు చేశాడు.

వారం దాకా సువార్త రాయిలా పడుకుంది. ముఖం తేరుకుంది. ఆ తర్వాత ఎండ వేడికి టేప్ ఊడింది.

"అమ్మమ్మా, ఇటు రా. తలుపు మూసి రా" అని పిలిచింది ఒక పొద్దున.

చీకట్లోకి వెళ్లి నిలబడ్డాను. మొదట ఏమీ లేదు. కళ్లు అలవాటుపడ్డాక, మంచం పక్క గోడ మీద ఏదో కదిలింది. ఆటో. దాని చక్రాలు పైన, టాపు కింద. ఆటో వెనక మనుషులు, తలలు కిందికి వేలాడేసి నడుస్తున్నారు. సేటు దుకాణం, చిన్నన్న చాయ్ బండి, ఆవిరి కూడా. ఆ ఆవిరి పైనుంచి కిందికి జారుతోంది. ఎండబెట్టిన పసుపు కుప్ప గోడ పైభాగాన పచ్చగా వెలుగుతోంది. అన్నిటికీ అడుగున ఆకాశం.

మా ఊరు. మా బజారే. రంగులతో సహా ఆ జొన్నగింజంత చిల్లులోంచి లోపలికి వచ్చి, గోడ మీద తలకిందులుగా బతుకుతోంది.

చేయి చాపాను. పసుపు బస్తాల వ్యాను నా అరచేతి మీదుగా పోయింది. ఏళ్ల తరబడి పసుపు కొమ్ములు ఏరిన చేయి అది. బరువు లేకుండా పసుపు నా చేతిలోకి రావడం అదే మొదటిసారి. "స్తోత్రం" అన్నాను అంతే.

"గాయన్ని చూడు" అంది సువార్త.

చాయ్ బండి దగ్గర జయరాజ్. తలకిందులుగా గ్లాసు పట్టుకుని, మా కిటికీ వైపే చూస్తున్నాడు. చాయ్ అయిపోయింది. చూపు అయిపోలేదు.

"టేప్ ఊడినప్పటి సంది చూస్తున్న, రోజూ గిట్లనే చూస్తడు. నల్లటి కిటికీల ఎవ్వరూ లేరనుకుంటడు" అంది. చీకట్లో దాని ముఖం కనబడలేదు గానీ, నవ్వు వినబడింది.

ఇక నిద్ర ఎక్కడిది? డ్యూటీ నుంచి వచ్చి గోడ ముందు కూర్చునేది. "నిన్న మల్ల కండ్లు మూతబడ్డయి అమ్మమ్మా. సిస్టర్ అటు తిరిగుంది కాబట్టి బతికిన" అని చెప్పింది.

అంతలో జయరాజ్ కొత్త బట్ట పట్టుకుని వచ్చాడు.

"మార్చేది లేదు" అంది సువార్త.

"చిల్లు ఉంటే వెలుతురు వస్తది మేడం."

"రానియ్యండ్రి. మీకు రోజూ ఒక్క గ్లాసు చాయ్ తాగనీకి అంతసేపు పడుతదా?"

అతని చేతిలో బట్ట జారింది. "మీకెట్ల ఎరుక? కిటికీ మూసే ఉంటది కదా."

"అమ్మమ్మా, తలుపు మూయి."

మూశాను. కాసేపటికి బజారు గోడ మీదికి వచ్చింది. పెద్ద పెద్ద ఇళ్లకు తెరలు బిగించిన పిల్లవాడు ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. "ఎన్ని తెరలు కట్టిన అవ్వా... గిది ఎన్నడూ చూడలే" అన్నాడు. తర్వాత చిన్నగా అడిగాడు. "నేను గూడ గిట్లనే కనబడ్డనా?"

"గట్లనే. కాళ్లు మీదికి, తలకాయ కిందికి."

"మరి మీరు ఎప్పుడు పడుకుంటున్నరు?"

నేనే చెప్పాను, హెడ్ సిస్టర్ మాట, దేవరాజు మాట.

అతను గోడ వైపు ఇంకోసారి చూశాడు. "అయితే ఈ చిల్లు మూయాలె. మీకు నిద్ర తెస్తనని చెప్పి నేనే పోగొట్టిన. నేను కనబడకున్నా ఫికర్ లేదు."

ఆ మాటతో నా మనసులో లెక్క తేలిపోయింది. దాని మనసులోనూ తేలినట్టుంది. "బట్ట మార్చకండ్రి. మూత పెట్టండ్రి. జరసేపు చూసి మూసుకుంట" అంది.

అదే బట్టలోంచి గుండ్రని ముక్క కత్తిరించి, అంటుకునే పట్టీతో చిల్లుకు మూత కుట్టాడు. వెళ్తూ గడప దగ్గర ఆగాడు. "అన్న అన్నది వాపస్ తీస్కుంటరా?"

"తీస్కున్న."

"మరి నన్ను చేసుకుంటరా?"

సువార్త నా కొంగు చాటుకు జరిగింది. "ఇన్నొద్దులు తలకిందులే చూసిన. గా గోడ మీద నిటారుగా కనబడండ్రి, అప్పుడు చెప్త."

అది పరాచికం. పిల్లవాడు మాత్రం నవ్వకుండా మెట్లు దిగిపోయాడు.

మర్నాడు చాయ్ బండి దగ్గర లేడు. ఆ తర్వాతా లేడు. సువార్త మూత తీసేది, వెతికేది, మూసేది. "నేను ఎక్కువ మాట్లాడిన్నా అమ్మమ్మా?" అని అడిగింది. నిద్రపోతోంది, కానీ ముఖంలో కళ లేదు.

ఒక పొద్దున బజారులో గోల. "ఏమైందిరా నీకు, పసుపు ఘాటు నెత్తికెక్కిందా?" అని చిన్నన్న గొంతు. సువార్త మూత తీసింది. ఇద్దరం గోడకు తిరిగాం.

ఊరంతా తలకిందులుగా నడుస్తోంది. దాని నడుమ ఒక్క జయరాజ్ నిటారుగా నిలబడి ఉన్నాడు. బయట రోడ్డు మీద చేతులు ఆనించి, కాళ్లు పైకి ఎత్తాడన్నమాట. చొక్కా జారకుండా ప్యాంటులో దోపుకున్నాడు. ఒక మణికట్టుకు కట్టు ఉంది. ఇన్నాళ్లూ పెర్కిట్‌లో ఇంటి వెనక పడుతూ లేస్తూ నేర్చుకున్నాడట.

కానీ గోడ మీద చూడాలి. అతని కాళ్ల కింద ఆకాశం. పైకి చాచిన రెండు చేతులు బజారునంతా ఎత్తి పట్టుకున్నాయి. ఆటోలు, మనుషులు, ఆ పచ్చటి పసుపు కుప్ప, అన్నీ అతని అరచేతుల మీదే నడుస్తున్నాయి. రోడ్డు మీద అందరూ నవ్వుతున్నారు. మేమిద్దరం నవ్వలేదు. చర్చిలో ప్రార్థన వేళలా నిలబడిపోయాం.

అతని చేతులు వణికాయి. సువార్త తాడు లాగింది. తెర చుట్టుకుపోయి ఎండ గదిలోకి దూకింది. గోడ ఉత్త గోడైంది. సువార్త కిటికీలోంచి సగం బయటికి వంగింది.

"జయరాజ్, ఇగ చాలు, దిగు. మీదికి రా. నీ చెయ్యికి కట్టు సక్కగ లేదు."

మీరు పోయి నువ్వు వచ్చింది. పిల్లవాడు దబ్బున కూలబడ్డాడు, నవ్వుతూ.

మా అల్లుడు ఫోన్‌లో గుచ్చి గుచ్చి అడిగాడు. "పిలగాడు ఎట్లాంటోడు అత్తా?"

"లోకం తలకిందులైనా నిటారుగ నిలబడెటోడు" అన్నాను. "మరి సువార్త నౌకరి?" అంటే, "పోరి మంచిగ పడుకుంటుంది, గా పిలగాడే దానికి నిద్ర తెచ్చిండు. నౌకరికి ఏం కాదు" అన్నాను. అప్పుడు దేవరాజు, పెళ్లి చర్చిలోనే చేద్దామన్నాడు.

ఇప్పుడు వాళ్ల ఇంట్లోనూ నల్లటి తెర ఉంది. జయరాజ్ దానికి కావాలనే చిల్లు పెట్టి మూత కుట్టాడు. డ్యూటీ నుంచి వచ్చాక సువార్త దాన్ని కాసేపు తెరుస్తుంది. నన్నూ పిలుస్తుంది. హైవే లారీలు ఆకాశం మీద పోతుంటే, పనికి బయల్దేరిన జయరాజ్ గేటు దగ్గర ఆగి, తల కిందికి వేలాడేసి మాకు చేయి ఊపుతాడు. అప్పుడది మూత మూసి పడుకుంటుంది.

నేను చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి, బయట కూర్చుని ఇది రాశాను.

రత్నవ్వ, అరవై తొమ్మిదేళ్లు, ఇప్పుడు ఉండేది పెర్కిట్‌లో, మనవరాలి ఇంట్లో.