పానకంలో సగం

"ఏవయ్యా రాఘవులూ, నిన్నిచ్చిన కండెలు అప్పుడే అయిపోయినయ్యా? నీ మగ్గం నేస్తోందా, మింగుతోందా?"

మల్లేశ్వరి కండెలకు నూలు చుట్టే రాట్నం ఆపి మరీ అడిగింది. గుమ్మంలో కండెలు చుట్టించుకోడానికి నూలు చిలపలు పట్టుకుని నిలబడ్డ ఎదురింటి రాఘవులుకి చెవులు ఎర్రబడ్డాయి.

"పని జోరుగా ఉందిలే."

"జోరుంటే చీర కనపడాలిగా? మంగళగిరంతా వెతికినా నువ్వు నేసిన చీర ఒక్కటీ కనపళ్ళా!"

లోపల మగ్గం గుంటలో కూర్చున్న కోటిలింగానికి నవ్వు రాలేదు. మల్లేశ్వరి ఆయన కూతురు. ఇరవై రెండేళ్లు. పసితనంలో వచ్చిన జ్వరం రెండు కాళ్ళనీ చచ్చుపడేసి పోయింది. తల్లి పోయిన దగ్గర్నుంచీ ఆమెను ఎత్తేదీ, దించేదీ, జడ వేసేదీ, ఆమె చేత చీవాట్లు తినేదీ ఆయనే. కూతురు గలగలా నవ్విందంటే ఆ పూట ఆయనకు పండగే. కానీ ఈ కుర్రాడి సంగతే అంతుపట్టడం లేదు. అన్ని కండెలు ఏం చేస్తున్నాడు? నూలు చాటుగా అమ్ముకుంటున్నాడేమో!

దొంగను పట్టేద్దామని ఆ మధ్యాహ్నం ఎదురింటి పెరట్లోకి తొంగిచూశాడు. రాఘవులు తల్లి వెంకటరావమ్మ, మల్లేశ్వరి చుట్టిన కండెల్నే విప్పి, నూలంతా మళ్లీ చిలపలుగా చుడుతోంది.

"ఇదేంది చెల్లెమ్మా?"

"నా ఖర్మ అన్నయ్యా! వీడికి రోజూ మీ ఇంటికి రావడానికి సాకు కావాలంట. మీ పిల్ల చుడతది, నేను విప్పుతా. నా చేతులు పడిపోకముందే ఆ పిల్లనిచ్చి పుణ్యం కట్టుకో!"

కోటిలింగం అప్పుడే లోపల్నుంచి వచ్చిన రాఘవులు మీదికి తిరిగాడు.

"జాలిపడి చేసుకుంటావేంట్రా?"

"జాలా! ఆ నోటి ముందు నా మీదే జాలిపడాలి మావా. ఆమె తిట్టకపోతే ఆ రోజు నాకు అన్నం దిగదు."

"ఎత్తాలిరా. దించాలి. రేపు విసుగొస్తే?"

"ఆమెకు నా మీద విసుగొస్తే ఎట్టా అని నేను చస్తున్నా!"

సాయంత్రం కూతురికి అంతా చెప్పి, "వద్దంటాలే తల్లీ" అన్నాడు.

మల్లేశ్వరి ఈసారి నవ్వలేదు. "నాకు వాడంటే ఇష్టం నాన్నా. విప్పి తెస్తున్నాడని ఎప్పుడో తెలుసు, నేను చుట్టిన నూలు నేను పోల్చుకోలేనా? నిజం చెప్పు. వాడు నన్ను చూసుకోలేడని నీ భయమా, నేను లేకుండా నువ్వుండలేవనా?"

కోటిలింగం లేచి, మగ్గం గుంటలోకి దిగి కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే పానకం బిందె ఎత్తుకుని కొండెక్కాడు. ఇన్నేళ్లూ పానకాలస్వామిని కూతురికి కాళ్ళిమ్మనే అడిగాడు. ఇవాళ అది అడగబుద్ధి కాలేదు. ఏమడగాలో తోచనూ లేదు. పూజారి శంఖంతో స్వామి నోట్లో పానకం పోస్తుంటే గుటకల చప్పుడు వినిపించింది. సగం కాగానే చప్పుడు ఆగింది. మిగిలిన సగం పూజారి ఎప్పటిలాగే తిరిగిచ్చేశాడు.

చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. అయినా ఆ సగం బిందె చేతికి రాగానే కోటిలింగానికి ఏడుపొచ్చింది. వెనకే నవ్వూ వచ్చింది. మెట్లన్నీ నవ్వుకుంటూనే దిగాడు.

తిన్నగా ఎదురింటికెళ్లి, గ్లాసు నింపి రాఘవులు చేతిలో పెట్టాడు.

"తాగు అల్లుడూ! అంత దేవుడే మొత్తం ఉంచుకోవడంలా, నేనెవణ్ణి? పగలు నా కూతురు నా ఇంట్లో రాట్నం తిప్పుద్ది. పొద్దుగూకితే నీ పెళ్లాం. ఎత్తుకెళ్లు, పొద్దున్నే తెచ్చి దించు."

వీధికి అవతల గుమ్మంలోంచి మల్లేశ్వరి కేకేసింది. "బాగుందయ్యా! నన్ను పంచుకునేవాళ్లు నన్నొక్క మాట అడగరా?"

రాఘవులు ముఖం పాలిపోయింది. "అయితే... ఒప్పుకోవా?"

"ముందా పానకం ఇటు తీసుకురా. తాగి చెబుతా!"

గ్లాసు పట్టుకుని రాఘవులు పరిగెత్తిన పరుగుకి సగం పానకం వీధిపాలైంది. మిగిలిన సగం తాగి మల్లేశ్వరి ఒప్పుకుంది.