గొడుగు పట్టిన మామ

“మామా! మామా!”

ఆ గొంతు క్రిస్టీనాదే. సందేహం లేదు.

జ్ఞానరాజు వీడియోను వెనక్కి జరిపి మళ్లీ పెట్టాడు. తెర మీద వాన. తడిసిన రాతి మెట్లు. పైన ఒక అపార్ట్‌మెంట్ పొట్టలోంచి దూసుకుపోతున్న మెట్రో రైలు. ఆ రొదలో మిగతా మాటలన్నీ కొట్టుకుపోయాయి. “మామా” ఒక్కటే మిగిలింది. దానికి జవాబుగా ఎవరో బొంగురుగా, తీరిగ్గా, మహా చనువుగా నవ్వారు.

వీడియో అయిపోయింది. జ్ఞానరాజు మనశ్శాంతి కూడా.

ఆ తర్వాత కెమెరా కార్డులో ఇంకేవో ఉన్నాయి. అతను చూడలేదు. చూడాల్సింది చూసేశాననుకుని కంప్యూటర్ కట్టేశాడు.

రియాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి. దాని బేస్‌మెంట్‌లో యంత్రాలు బాగుచేసే వర్క్‌షాప్. అక్కడ జ్ఞానరాజు టెక్నీషియన్. ఊరు నరసాపురం. క్రిస్టీనా పైన డయాలిసిస్ వార్డులో నర్సు. ఊరు పాలకొల్లు. రెండూళ్ల మధ్య అరగంట బస్సు ప్రయాణమైనా, ఇద్దరూ కలుసుకోవడానికి సముద్రం దాటాల్సి వచ్చింది. అది కూడా పోట్లాటతో.

“మిషన్ బాగుచెయ్యమంటే ఫొటో తీస్తారేంటండీ?” అంది ఆమె మొదటిరోజు.

“విప్పేముందు ఎలా ఉందో తీసుకుంటే మళ్లీ బిగించేటప్పుడు సులువండి.”

“అంటే బిగించడం రాదన్నమాట!”

ఆ రోజు నుంచి ఆ వార్డులో మిషన్లు అనుమానం వచ్చేటంత తరచుగా పాడవుతున్నాయి.

ఈ ఏడాది ఆసుపత్రి చైనా నుంచి కొత్త మిషన్లు కొంది. శిక్షణ చోంగ్‌చింగ్‌లో. ఒక టెక్నీషియన్, ఒక నర్సు వెళ్లాలి. జ్ఞానరాజుకి ఆ ఊరంటే పిచ్చి. కొండ మీద ఊరు, ఊరి మీద ఊరు, కింద రెండు నదులు, చుట్టూ పొగమంచు. ఒక వీధిలో నేల మీద నిలబడితే అది పక్క వీధికి పదో అంతస్తు. ఫొటోలు తీసేవాడు బతికుండగా ఒక్కసారైనా చూడాలనుకునే చోటు.

సౌదీలో ఉండటానికిచ్చే అనుమతి కార్డు, అతని ఇఖామా, రెన్యువల్ ఆఖరి నిమిషంలో ఆగిపోయింది. ఇఖామా లేకపోతే వెళ్లి తిరిగొచ్చే ఎగ్జిట్ రీఎంట్రీ వీసా రాదు. అది లేకపోతే విమానం లేదు. క్రిస్టీనా ఒక్కతే వెళ్లింది.

వెళ్లేముందు తన చిన్న కెమెరా ఆమె చేతిలో పెట్టాడు. నర్సు కోటు జేబులో ఇమిడిపోయే కెమెరా. పట్టీ మీద మార్కర్‌తో రాసిన అతని పేరు.

“నా బదులు మీరు చూడండి. దీంట్లో జూమ్ లేదు. దగ్గరగా కావాలంటే నడవాలి. వానలో మాత్రం జాగ్రత్త. లెన్స్ మీద ఒక్క చుక్క పడకూడదు.”

“పడితే?”

“మనిద్దరికీ మాటల్లేవు.”

“అమ్మో! అయితే నేను తడిసినా దీన్ని తడవనివ్వనండి.”

ఆదివారం తిరిగొచ్చి కెమెరా ఇచ్చేసింది. చెప్పినట్టే ఒక్క చుక్క పడనివ్వలేదు. ఇప్పుడతని బాధ అదే. ప్రతి వాన ఫొటోలోనూ పైమూలన నల్లగొడుగు అంచు కనిపిస్తోంది. రెండు చేతులతో కెమెరా పట్టుకున్న మనిషికి గొడుగు పట్టింది ఎవరు?

ఇంకో ఫొటోలో బల్ల మీద పొగలు కక్కుతున్న రెండు నూడుల్స్ గిన్నెలు.

ఇంకోదాంట్లో క్రిస్టీనాయే ఉంది. ఫ్రేము పక్కకి ఒరిగింది, నుదురు సగం తెగింది, ఒక మూల ఎవరిదో బొటనవేలు అడ్డం పడింది. ఇంత ఘోరంగా తీసినవాడి వైపు చూస్తూ ఆమె నవ్విన నవ్వుంది చూశారూ, అలాంటిది జ్ఞానరాజు తీసిన ఏ ఒక్క ఫొటోలోనూ లేదు.

ఆసుపత్రి బస్సు నడిపే నవాజ్‌కి ఆ వేలు చూపించాడు. నవాజ్‌ది హైదరాబాద్, టోలిచౌకి.

“గింత పెద్ద వేలా? పహిల్వాన్ ఉంటడు భాయ్.”

“మామా అని పిలిచింది, నవాజ్.”

“అయితే ఏంది? మేం ఆటోవాణ్ని గూడ మామా అంటం.”

“మీరనడం వేరు. మా వైపు ఆడపిల్ల మామా అంటే, మేనమామైనా అయ్యుండాలి. లేదా...”

“లేదా?”

“కట్టుకోబోయేవాడైనా అయ్యుండాలి.”

నవాజ్ ఈల వేశాడు. “గయా కామ్ సే! నీ పని అయిపాయె భాయ్!”

ఆ రోజు కాంటీన్‌లో ఎవరో నూడుల్స్ తింటుంటే జ్ఞానరాజు ప్లేటు వదిలేసి లేచిపోయాడు.

క్రిస్టీనా రోజూ వర్క్‌షాప్ కిటికీ దగ్గరికి వచ్చేది.

“ఫొటోలు చూశారా?”

“చూశాను.”

“అన్నీనా?”

“చూసినంతవరకు చాలండి. బాగున్నాయి.”

“అంతేనా? ఇంకేం చెప్పరా?”

“ఏం చెప్పాలి? గొడుగు బాగుంది.”

ఆమె మొహంలో దీపం ఎవరో నొక్కి ఆర్పేసినట్టయింది. అది అపరాధ భావమనుకున్నాడు జ్ఞానరాజు. ఈర్ష్య పడ్డవాడికి కళ్లు ఎక్కువ, చూపు తక్కువ.

బుధవారం సాయంత్రం నవాజ్ ఒక కబురు మోసుకొచ్చాడు. క్రిస్టీనా శుక్రవారం సెలవు మీద పాలకొల్లు వెళ్తోంది. కువైట్‌లో ఉద్యోగం చేసే కుర్రాడి సంబంధమట. ఆదివారం ఇంటికొచ్చి మాట ఖాయం చేసుకుంటారట.

“ఇప్పుడే బథా బజార్ల సామాన్లు కొనాలని మెట్రో స్టేషన్‌కి పోయింది. ఏమన్న చెప్పేదుంటే ఉరుకు భాయ్.”

అంటే చైనాలో ఒకడు, కువైట్‌లో ఒకడు. మధ్యలో తనెవడు? కెమెరా తీసుకుని జ్ఞానరాజు నిజంగానే ఉరికాడు.

ప్లాట్‌ఫాం మీద క్రిస్టీనా ఒంటరిగా నిలబడి ఉంది.

“ఇదిగోండి, మీ కార్డు ఇందులోనే ఉంది. కెమెరా కూడా ఉంచేసుకోండి. మీకు గొడుగు పట్టేవాళ్లున్నారు. నాకు లేరు.”

“ఏమైందండీ మీకు?”

“నాకేమవుతుంది? మీ మామగారు బాగున్నారా?”

క్రిస్టీనా తికమకపడింది. “మా మావయ్యా? బానే ఉన్నాడు. మోకాళ్లు నొప్పులంట. ఏం?”

“పాపం! మోకాళ్ల నొప్పులతోనే అన్ని మెట్లూ ఎక్కారా?”

“ఏ మెట్లు?”

“చోంగ్‌చింగ్ మెట్లు. గొడుగు పట్టుకుని.”

“మా మావయ్య భీమవరం దాటి ఎరగడండీ! చైనా ఎప్పుడెళ్లాడు?”

“మరి వీడియోలో మామా, మామా అని పిలిచింది ఎవర్ని?”

ఆమె నెమ్మదిగా అడిగింది. “ఆ వీడియో దగ్గరే ఆపేశారా?”

“తర్వాతవి చూసే ఓపిక లేదు.”

“చూళ్లేదా!” ఆమె గొంతులో ఒక్కసారిగా ఊరట, వెంటనే దాని మీదికి కోపం. “ఆదివారం నుంచి కిటికీ దగ్గరికొచ్చి అడుగుతున్నాను. చూశానన్నారు. చూసి కూడా ఏమీ అనట్లేదంటే ఇష్టం లేదేమోనని... రాత్రుళ్లు ఎంత ఏడ్చానో తెల్సా? తీరా చూస్తే మీరు నాకు పోలీసు డ్యూటీ చేస్తున్నారా?”

“అంటే...”

“పాలకొల్లు పిల్ల ఎవర్నన్నా మామా అంటుందా అండీ? పేరులో ఉన్న జ్ఞానం కొంచెం బుర్రలోకి దింపండి!”

రైలు వచ్చి ఆగింది.

“ఆఖరి వీడియో చూడండి. చూసి కూడా నోరు రాకపోతే మానెయ్యండి. ఆ కువైట్ అబ్బాయికి ఫొటోలు తియ్యడం రాదంట. ఆ మాట విన్నాక నాకు చాలా నచ్చాడు!”

ఆమె కెమెరా తీసుకోకుండానే ఫ్యామిలీ బోగీ ఎక్కేసింది. ఆడవాళ్లకీ, కుటుంబాలకీ మాత్రమే అది. ఒంటరి మగవాడికి అందులో చోటు లేదు. జ్ఞానరాజు పరుగెత్తి సింగిల్స్ బోగీలో పడ్డాడు. తలుపులు మూసుకున్నాయి.

కెమెరాలోనే ఆఖరి వీడియో పెట్టాడు.

మొదట తెర నిండా బొటనవేలు. అదే వేలు. తర్వాత అది పక్కకి జరిగింది. వేలు వెనక నుంచి ఒక మనిషి బయటపడింది. అరవయ్యేళ్లు దాటిన లావుపాటి ఆడమనిషి. చంకలో నల్లగొడుగు. అదే బొంగురు నవ్వు.

నూడుల్స్ కొట్టు. కెమెరాను కారం సీసాకి ఆనించినట్టున్నారు. పక్కన క్రిస్టీనా, ఆమెకి ఎదురుగా సన్నగా ఒక అమ్మాయి. శిక్షణలో దుబాసీ పని చేసే లియూ.

“మా అమ్మ మీకు రోజూ గొడుగు పట్టింది కదా,” అంటోంది లియూ ఇంగ్లీషులో. “ఆ కెమెరాకి ఏమైనా అయితే మీరు ఏడ్చేసేటట్టున్నారని జాలిపడింది. మీరు లియూ మామా, లియూ మామా అని పిలుస్తుంటే మురిసిపోతోంది.”

చైనా భాషలో మామా అంటే అమ్మ.

జ్ఞానరాజు రైలు కడ్డీకి తల ఆనించాడు. మావయ్య. ఇందాక ప్లాట్‌ఫాం మీద కూడా ఆమె మావయ్య అనే అంది. గోదావరి జిల్లాల్లో ఎవరూ నోరారా మామా అనరు. అక్కడ మామ అంటే మావే. ఆ ఒక్క అక్షరం వినిపించుకుని ఉంటే!

తెర మీద క్రిస్టీనా పకపకా నవ్వుతోంది. “మా ఊళ్లో మామ అంటే అమ్మ కాదు తెలుసా? అసలు మేం అలా పలకం. మావా అంటాం. కట్టుకోబోయేవాణ్ని అలా పిలుస్తాం.”

లియూ ఆ మాట తల్లికి చెప్పింది. పెద్దావిడ కళ్లు మెరిశాయి. ఆవిడ వంగి కెమెరా పట్టీ మీది పేరుని ఆ మహా బొటనవేలితో తాకింది.

“మా-వా?”

క్రిస్టీనా ఎర్రబడింది. తర్వాత ఆమె తిన్నగా లెన్స్‌లోకి చూసింది. మాట తెలుగులోకి మారింది.

“ఇంకా కాదు. ఆయన అడగాలి కదా. వింటున్నారా జ్ఞానరాజు గారూ? నాకు డిలీట్ చెయ్యడం వచ్చు. అయినా చెయ్యట్లేదు. ఇలాగే ఇస్తాను.”

తెర నల్లబడింది.

రైలు తర్వాతి స్టేషన్‌లో ఆగింది. తలుపులు తెరుచుకోకముందే జ్ఞానరాజు వాటి సందులో ఉన్నాడు. ప్లాట్‌ఫాం వెంట పరుగు. ఎవరి సూట్‌కేసో తగిలింది. ఎవరో అరబ్బీలో తిట్టారు. ఫ్యామిలీ బోగీ తలుపు దగ్గర క్రిస్టీనా నిలబడి ఉంది, అతను వస్తాడని తెలిసినట్టు.

యూనిఫాంలో ఉన్న స్టేషన్ కుర్రాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఫ్యామిలీ?”

జ్ఞానరాజుకి ఊపిరాడటం లేదు. తలుపులు మూసుకోబోతున్నట్టు బీప్ మోగడం మొదలైంది. అతను స్టేషన్ కుర్రాణ్ని వదిలేసి ఆమె వైపు తిరిగాడు.

“క్రిస్టీనా గారూ, అడుగుతున్నాడండీ. కాదు... నేనే అడుగుతున్నాను. ఫ్యామిలీయేనా?”

“ఆఖరిది చూశారా?”

“చూశాను.”

“మొత్తం?”

“బొటనవేలితో సహా!”

ఆమె నవ్వింది. పక్కకి ఒరిగిన ఆ ఫొటోలో నవ్విన నవ్వే. ఈసారి ఫ్రేము తిన్నగా ఉంది, అటువైపు అతనే ఉన్నాడు.

“ఆయ్!” అంది గోదావరి గొంతుతో.

అది అరబ్బీలో అవునన్నట్టే వినిపించింది స్టేషన్ కుర్రాడికి. “ఐవా?” అని ఖాయం చేసుకుని, చెయ్యి తీసేశాడు.

“ఇంకా చూస్తారేంటండీ? తలుపు పడిపోతోంది!” బోగీ అంతా తిరిగి చూసేలా అరిచింది క్రిస్టీనా. “ఎక్కు, మావా!”