అగ్ని ముట్టని కపాలం

ఆషాఢ బహుళ అమావాస్య... మిట్టమధ్యాహ్నానికి ఇంకా రెండు గంటలున్నాయి. కానీ ఆకాశం చూస్తే అది పగలని చెప్పడానికి నోరు రాదు! కారుమేఘాలు మొండిగుట్ట నెత్తిమీదికి దిగివచ్చి, సూర్యుణ్ణి మింగి కూర్చున్నాయి. తుప్పల్లో ఎక్కడో గుడ్లగూబ కూసింది... పట్టపగలు! లోకమంతా అర్ధరాత్రికి భయపడుతుంది. మధ్యాహ్నం పన్నెండు కూడా అంతటి పాడు ఘడియేనని ఎరిగినవాళ్ళు కొద్దిమంది. వాళ్ళలో రామ్‌కిషన్ ఒకడు.

కోహీర్ రోడ్డు మీద బస్సు దిగి, స్నేహితులిద్దరూ ముసురులో గుట్టదారి పట్టారు. ముందు నడిచేవాడు చెన్నబసప్ప. జహీరాబాద్ బజారులో విత్తనాల దుకాణం, ఊరవతల కాస్త పొలం. చేతిలో ఊచ విరిగిన గొడుగు, చంకలో జొన్నరొట్టెల మూట, నోటినిండా మాటలు. వెనక వచ్చేవాడు రామ్‌కిషన్, పక్క పొలం రైతు. ఏటా తొలివానలు పడ్డాక బోడకాకరకాయల కోసం ఇద్దరూ ఈ గుట్ట ఎక్కడం చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటే.

"ఇసొంటి వానల గుట్టెక్కుడేందిర కిషన్? రేపు పోదమంటే ఇనకపోతివి. కాలు జారితే కాకరకాయలు గాదు, మన బొక్కలేరుకోవాలె" అన్నాడు చెన్నబసప్ప.

"రేపటికి మేకలు మేసిపోతయి. ఇయ్యాలనే పోవాలె."

ఎప్పుడైనా మేక బోడకాకర తీగ కోసం గుట్ట కొస దాకా ఎక్కిందా? అబద్ధం అతికినట్టుండాలంటారు. రామ్‌కిషన్ అబద్ధానికి అతుకే లేదు. అయినా చెన్నబసప్ప నమ్మాడు. నలభై ఏళ్ళ స్నేహంలో వాడికి అనుమానించడం అలవాటు కాలేదు!

గుట్ట మీది గుహలో ఇద్దరు ఎదురు చూస్తున్నారు. ఒకడు మాంత్రికుడు విరూపాక్ష. రెండో మనిషి... రామ్‌కిషన్ భార్య యాదమ్మ! మూడు రోజుల కిందట కట్టేసి ఆమెను అక్కడ వదిలివచ్చింది కట్టుకున్నవాడే. న్యాల్‌కల్‌లో పుట్టింటికి పోయిందని అందరితో చెప్పాడు. సరిగ్గా పన్నెండింటికి చెన్నబసప్ప తన కాళ్ళతో తాను నడిచి ఆ గుహలోకి రావాలి. వస్తే యాదమ్మ బతుకుతుంది, చెన్నబసప్ప చస్తాడు. రాకపోతే పొద్దుగూకేలోగా యాదమ్మ చస్తుంది. విరూపాక్ష పెట్టిన బేరం అది.

ఇదంతా ఎక్కడ మొదలైందంటే, కడుపుమంటలో మొదలైంది. ఒకే గట్టుకు అటూ ఇటూ రెండు బావులు. చెన్నబసప్ప బావిలో ఎండాకాలం కూడా నీళ్ళు. రామ్‌కిషన్ బావిలో రాళ్ళు, తేళ్ళు. "నా బాయిల నీళ్లు పెట్టుకోరా, నీది నాది ఏందిర" అనేవాడు చెన్నబసప్ప. ఇవ్వనంటే ఓర్చుకునేవాడేమో గానీ, నవ్వుతూ ఇవ్వడమే రామ్‌కిషన్‌కు గొంతులో ముల్లయింది. కిందటేడు ఎవరికీ చెప్పకుండా విరూపాక్ష దగ్గరికి పోయాడు.

"అగ్ని ముట్టని కపాలం తే!" అన్నాడు విరూపాక్ష. "నీ బావి పొంగిస్త!"

అలాంటి కపాలం ఎక్కడ దొరుకుతుందో రామ్‌కిషన్‌కు తెలుసు. చెన్నబసప్పది లింగాయతుల ఇల్లు. వాళ్ళలో పోయినవారిని కాల్చరు... పద్మాసనం వేయించి, చేతిలో లింగం పెట్టి, కూర్చోబెట్టి మట్టి చేస్తారు. డెబ్బైరెండు కరువులో చెన్నబసప్ప తల్లి చెన్నమ్మ పోయినప్పుడు పొలం చివర గుంత తవ్విన చేతులు రెండు జతలే. ఒకటి కొడుకుది, ఒకటి రామ్‌కిషన్‌ది. ఆ కరువులో సమాధి మీద గద్దె కట్టించే స్తోమత లేకపోయింది. తుమ్మచెట్టు దాటి ఏడడుగులని గుర్తు పెట్టుకున్నదీ ఆ ఇద్దరే. కూర్చున్న మనిషికి తలే కదా పైన ఉంటుంది! పెద్దగా తవ్వే పని కూడా పడలేదు పాపాత్ముడికి... గడ్డపారకు మొదట తగిలింది అదే. చిన్నప్పుడు తనకు రొట్టె తుంచి నోట్లో పెట్టిన తల్లి తల!

బావి పొంగింది. నెల తిరక్కుండా యాదమ్మ కళ్ళు తేలేసింది. అన్నం ముట్టదు, మొగుణ్ణి గుర్తుపట్టదు, గోళ్ళతో గోడలు గీరుతుంది. విరూపాక్షే పిశాచాన్ని తోలాడని, తోలినవాడే తీయడానికి వెల అడుగుతున్నాడని రామ్‌కిషన్‌కు అర్థమయ్యేసరికి ఆలస్యమైపోయింది.

సగం గుట్ట ఎక్కాక ఒర్రె అడ్డం వచ్చింది. ఎర్రనీళ్ళు సుడులు తిరుగుతూ దూకుతున్నాయి. రామ్‌కిషన్ కాలు పాచిరాయి మీద జర్రున జారింది... కొట్టుకుపోయేవాడే! చెన్నబసప్ప గొడుగు విసిరేసి, జబ్బ పట్టి గట్టు మీదికి లాగాడు.

"సచ్చేటోనివి కదరా! యాదమ్మ చెల్లెకు నేనేం చెప్పాలె?" ఆయాసపడుతూ రొట్టెల మూట విప్పాడు. "అవురా, చెప్పుడు మర్సిన. బీదర్ల తలకాయ బీమార్లు చూసే పెద్ద డాక్టరున్నడంట. జీపు మాట్లాడిన. వచ్చే ఐతారం చెల్లెను తీస్కపోదం. నువ్వు జర ఫికర్ చెయ్యకు."

రామ్‌కిషన్ నోటి దాకా తెచ్చిన రొట్టెను మళ్ళీ మూటలో పెట్టేశాడు. వాన కాకపోతే కన్నీళ్ళు బయటపడేవి. చచ్చిన మనిషి కూడా సిగ్గుపడే ఘడియ అది! చివాలున లేచి స్నేహితుడి చెయ్యి పట్టుకున్నాడు.

"బసప్పా, వాపస్ పోదం పా. కాకరకాయలొద్దు, ఏమొద్దు. పా!"

ఆ మాట పూర్తయిందో లేదో... గుట్టపై నుంచి ఒక కేక! గుండెల్ని చీల్చే, ఎముకల్ని గడ్డకట్టించే ఆర్తనాదం!

చెన్నబసప్ప ముఖం పాలిపోయింది. "అది... యాదమ్మ గొంతు గాదుర?"

రామ్‌కిషన్ కాదని ఒక్క మాట అంటే సరిపోయేది. చెన్నబసప్ప చెయ్యి విడిపించుకుని, రాళ్ళు పట్టుకుని పైకి ఎగబాకాడు. రామ్‌కిషన్ వెనకాలే నడిచాడు... ఆపలేదు.

గుహ! ఎర్రరాతిలో ఎవరో పళ్ళతో కొరికినట్టున్న బిలం. లోపల వేపనూనె దీపాల పొగ, కుళ్ళిన నిమ్మకాయల కంపు. నడుమ పసుపు కుంకుమలతో గీసిన షట్కోణ మహాయంత్రం... దాని మధ్య తెల్లటి కపాలం! దాని నెత్తిన చెయ్యి వేసి కూర్చున్నాడు విరూపాక్ష. జడలు కట్టిన శిరస్సు, భస్మలేపిత దేహం, నిప్పుకణికల వంటి నేత్రాలు! ఓ మూల రాతిగుంజకు కట్టేసి ఉంది యాదమ్మ. విరబోసుకున్న కేశాలు, పెదవుల మీద నురుగు... కంటిలో నల్లగుడ్డే కనబడడం లేదు!

"చెల్లే!" అని ఉరికిన చెన్నబసప్పను విరూపాక్ష నవ్వు ఆపింది.

"ఆగు! ముట్టినవంటే సస్తది. ఆమెను పట్టినదానికి దప్పికైతున్నది. ఈ లోటల నీళ్లు నీ చేత్తోని ఈ పుర్రె మీద పొయ్యి. ఇడ్సిపెట్టి పోతది."

చెన్నబసప్ప ఇలాంటివి నమ్మే మనిషి కాడు. కానీ యాదమ్మ మెడనరాలు తాళ్ళలా ఉబ్బడం చూశాడు. లోటా అందుకున్నాడు. వెనక్కి తిరిగి రామ్‌కిషన్ కళ్ళలోకి చూశాడు.

"పొయ్యాల్నారా కిషన్?"

రామ్‌కిషన్ తల ఊపాడు!

నీళ్ళు పడ్డాయి. ఆకాశం ఫెళఫెళా పగిలింది... గుట్ట గుట్టంతా కంపించింది! కపాలపు కంటి గుంటల్లో నీలిజ్వాలలు లేచాయి. విరూపాక్ష పూనకం వచ్చినవాడిలా ఊగిపోయాడు.

"ఓం హ్రీం హ్రూం ఫట్! లే, ప్రేతమా లే! నీళ్లు పోసినోన్ని మింగు! కన్నకొడుకును తిన్న కపాలం నాకు కలకాలం దాసి! మింగూ...!"

కన్నకొడుకు! ఆ మాట చెన్నబసప్ప చెవిన పడింది. చేతిలోంచి లోటా జారింది.

యాదమ్మ దేహం విల్లులా వంగింది. నోరు తెరుచుకుంది. అందులోంచి పిశాచపు అరుపు రాలేదు. ఏడేళ్ళ కిందట మట్టిలో కలిసిన గొంతు వచ్చింది... మెల్లగా, కొడుకును కన్నడంలో పిలుచుకునే ఆ పాత పిలుపుతో.

"మగా... గిట్ల తడిసినవేందిర? తల తుడుచుకో. సర్దయితది."

చెన్నబసప్ప చెయ్యి దానంతటదే తడిసిన తలపాగా మీదికి పోయింది. "అమ్మా..."

"మింగవే! మింగు!" విరూపాక్ష పక్కనున్న ఎముక అందుకుని కపాలాన్ని కొట్టబోయాడు. ఆ గొంతు అతని వైపు తిరిగింది. ఇప్పుడందులో చల్లదనం లేదు!

"నా కొడుకును నన్నే తినమంటివా? ఎవనికి పుట్టినవ్‌ర నువ్వు?"

కటుక్కుమని కపాలపు దవడలు మూసుకున్నాయి... విరూపాక్ష వేళ్ళ మీద! పెనుగులాడాడు. బీజాక్షరాలు తప్పాయి, మంత్రాలు తారుమారయ్యాయి. నలభై ఏళ్ళు శ్మశానాల్లో సాధించిన శక్తులన్నీ ఆ తల్లి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాయి. వేళ్ళ నుంచి మణికట్టు, మణికట్టు నుంచి భుజం... మంట లేకుండానే మాడుతూ, ఎండిన జొన్నదంటులా ముడుచుకుపోయింది దేహం.

"అమ్మా! అమ్మా...!" అని అరిచాడు విరూపాక్ష. ఎంతటి కిరాతకుడికైనా ప్రాణం పోయేటప్పుడు నోటికొచ్చేది ఆ మాటే. ఎవరూ పలకలేదు. గుప్పెడు మసి నేల మీద రాలింది. వాననీరు లోపలికి పారి దాన్ని కూడా కడిగేసింది.

నీలిజ్వాలలు ఆరబోయే ముందు ఆ గొంతు ఇంకొక్కసారి వినిపించింది.

"కిషనా... నువ్వు గూడ తడిసినవ్ బిడ్డా."

శపించి ఉంటే బాగుండేది! తనను కూడా మసి చేసి ఉంటే ఎంతో బాగుండేది! రామ్‌కిషన్ గోడకు తల బాదుకుని ఏడ్చాడు. ఆ ఏడుపు వినే తీరిక అక్కడెవరికీ లేదు. చెన్నబసప్ప కట్లు విప్పగానే యాదమ్మ కళ్ళు తెరిచింది. నల్లగుడ్డు మళ్ళీ వచ్చింది. "అన్నా, నేనేడున్న? ఆకలైతుంది" అంది బలహీనంగా. మొగుడు ఎదురుగా ఉండగా అన్ననే అడిగింది. చెన్నబసప్ప మిగిలిన రొట్టె తుంచి ఆమె నోటికందించాడు.

తర్వాత తలపాగా విప్పి కపాలాన్ని చుట్టుకుని గుండెకు హత్తుకున్నాడు. యాదమ్మను ఇంకో చేత్తో పట్టుకుని గుట్ట దిగాడు. ఒర్రె దగ్గర ఆమెను దాటించాడు. రామ్‌కిషన్ వెనక ఎక్కడో జారుతూ, లేస్తూ వచ్చాడు. ఈసారి చెయ్యి అందించినవాళ్ళు లేరు.

మరునాడు వాన వెలిసింది. పొలం చివర చెన్నబసప్ప బంధువులు పదిమంది చేరారు. చెన్నమ్మ సమాధిని నక్కలు తోడాయనుకున్నారు అందరూ. అయ్యగారు విభూతి కలుపుతున్నాడు. ఓ ముసలాయన గడ్డపార భుజాన వేసుకుని, "జాగ ఏడ బసప్పా?" అని అడిగాడు.

చెన్నబసప్ప ఆ గడ్డపార తీసుకుని, దూరంగా తల వంచుకు నిలబడిన రామ్‌కిషన్ దగ్గరికి నడిచాడు. అతని చేతిలో పెట్టాడు. గుహలోంచి వచ్చాక అతనితో మాట్లాడిన మొదటి మాట అదే, చివరి మాట కూడా అదే.

"నీకెర్కే కద. తవ్వు."

అందరూ చూస్తుండగా రామ్‌కిషన్ తుమ్మచెట్టు నుంచి ఏడడుగులు లెక్కపెట్టి తవ్వడం మొదలుపెట్టాడు.