ఆరువందల నలభై తెల్ల కాగితాలు

జెద్దా హోటల్లో ఓ అంతర్జాతీయ అబ్జర్వర్‌ని చంపి పన్నెండు గంటలైనా కాలేదు. అతని డ్యూటీ మస్తాన్ వలీ నెత్తిన పడింది.

"సౌదీలోనే, జుబైల్ వెళ్లు," అన్నాడు ఇంటెలిజెన్స్ చీఫ్ ఫోన్లో. "సమాలా దీవుల స్వాతంత్ర్య రిఫరెండం. అక్కడ పనిచేసే దీవివాళ్లు రేపు లేబర్ క్యాంపు మెస్‌లో ఓటేస్తారు. ఆరువందల నలభై ఓట్లు. దీవుల్లో లెక్కింపు అయిపోయింది, స్వాతంత్ర్యం రెండొందల ఓట్లు వెనకబడింది. తేల్చేది జుబైలే. ఆ ఓట్లని ఎవరో మాయం చేయబోతున్నారు."

"ఎలా?"

"అది తెలిసినవాడే చచ్చాడు. అక్కడ ఇంకో అబ్జర్వర్ ఖుష్బూ ఉంది, హైదరాబాద్ పిల్ల, మన ఏజెంటే. ఒక్కటి గుర్తుంచుకో. నువ్వు చూడాలి, రాయాలి. బ్యాలెట్ మీద నీ చెయ్యి పడిందో, ఓటింగే రద్దు."

కర్నూలు మనిషి మస్తాన్ వలీ. పదహారేళ్ల సర్వీసులో చేతులు కట్టుకుని చేసే మిషన్ ఇదే మొదటిది.

ఉదయం ఏడు నుంచి పన్నెండు దాకా కళ్లలో ఒత్తులేసుకుని చూశాడు. బటన్ కెమెరా నడుస్తూనే ఉంది. దొంగ ఓటు లేదు, గొడవ లేదు. ఖుష్బూ క్యూలో ఉన్నవాళ్లకి పెన్నులు అందిస్తూ తిరిగింది. అబ్బో, ఆ నవ్వు! ముసలి వెల్డర్లు కూడా జుట్టు సర్దుకున్నారు. తర్వాత పెట్టెలకి సీలు వేసి బయట ఇనప కంటైనర్లో పెట్టారు. జూలై ఎండ. భోజనాలు, నమాజు అయ్యాక నాలుగింటికి లెక్కింపు.

నాలుగింటికి ప్రిసైడింగ్ ఆఫీసర్ నవోరా మొదటి పెట్టె తెరిచింది. మొదటి బ్యాలెట్ తెల్లగా ఉంది. రెండోదీ అంతే. అన్నీ అంతే! ఒక్కదాని మీద కూడా గీత లేదు.

దీవి మనిషి నవోరా కుర్చీలో కూలబడింది. "ఈ ఓటు కోసం మా నాన్న పదకొండేళ్లు జైల్లో ఉన్నాడు. అక్కడే పోయాడు. ఇప్పుడు నేనేం రాయాలి?" అని భోరుమంది.

"చెల్లనివని రాయండి," అంది ఖుష్బూ. "ఐదులోపు రిజల్ట్ పంపకపోతే ఈ కేంద్రమే రద్దు."

పెన్నులు! మస్తాన్ వలీకి అప్పుడు వెలిగింది. నోరు తెరిచేలోగా నడుముకి పిస్టల్ ఆనింది.

"కదలకండి," అంది ఖుష్బూ చెవిలో, తెలుగులో. డబుల్ ఏజెంట్! అతనికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అరిస్తే తను చస్తాడు, ఊరుకుంటే ఓ దేశం చస్తుంది. నవోరా కళ్లు తుడుచుకుని రిజల్ట్ ఫారం మీద సంతకం మొదలుపెట్టింది.

అప్పుడే మెస్ వంటవాడు భూమేష్, నిర్మల్ మనిషి, టీ ట్రేతో వచ్చాడు. బల్ల మీది తెల్ల బ్యాలెట్లూ, పక్కనే పెన్నూ చూసి ఆగిపోయాడు.

"గీ పెన్నుతోని రాసిన్రా సార్? అయ్యో, సంతకం పెట్టనియ్యకుండ్రి! మొన్న గీ మేడమే నాకొకటి ఇచ్చింది. చికెన్ ప్యాకెట్ల మీద తారీకులు రాసిన. పొయ్యి కాడ వెడ్తె మాయమైనయి, ఫ్రీజర్ల వెడ్తె మల్ల అచ్చినయి!"

పిస్టల్ భూమేష్ వైపు తిరిగింది. ఆ అరక్షణం చాలు. బ్యాలెట్‌ని ముట్టుకోకూడదు గానీ మణికట్టు గురించి రూల్స్‌లో ఏమీ లేదు. మస్తాన్ వలీ మెలితిప్పాడు. పిస్టల్ కింద పడింది, క్యాంపు గార్డులు ఖుష్బూని పట్టుకున్నారు.

భూమేష్ ఫ్రీజర్ ఖాళీ చేశాడు. మస్తాన్ వలీ విషయం చెప్పగానే నవోరా తన చేతులతోనే బ్యాలెట్లు ట్రేల్లో పరిచి లోపల పెట్టింది. నాలుగూ ఇరవై ఐదు. నాలుగూ ముప్పై ఐదు. ఏమీ లేదు. "యా అల్లా, ఒక్క గీత," అని గొణిగాడు మస్తాన్ వలీ. నాలుగూ నలభైకి ఓ కాగితం మీద నల్లటి టిక్కు తేలింది. తర్వాత అన్నిటి మీదా. ఆరుగురు కూర్చుని లెక్కపెట్టారు. అవును 431, కాదు 209. నాలుగూ యాభై ఎనిమిదికి రిజల్ట్ వెళ్లింది. ఇరవై రెండు ఓట్లతో ఓ దేశం పుట్టింది. నవోరా భూమేష్ చేతులు పట్టుకుని ఏడ్చింది.

రాత్రి చీఫ్ ఫోన్ చేశాడు. "ఫ్రీజర్లోంచి తీసిన చికెన్ ఏదని క్యాంపు బాస్ గోల పెడుతున్నాడు. ఏం చేశారు?"

"పాడవుతుందని భూమేష్ బిర్యానీ వండేశాడు సార్. కొత్త దేశం మొత్తం ప్లేట్లు పట్టుకుని నిలబడింది. లెగ్ పీసుల దగ్గర అప్పుడే రెండు పార్టీలయ్యాయి."